కొండకర్ల ఆవ: పిట్టకూ ఒక హక్కు ఉంది

ఓడరేవుకు, ఉక్కుకు పేరుగాంచిన విశాఖపట్నం చూడవచ్చినవారు సాధారణంగా సముద్రతీరం చూసి మరలిపోతారు. ఉక్కు కర్మాగారం దాటి అచ్యుతాపురం మీదుగా సాగితే కొండకర్ల ఆవ వస్తుంది. నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ మంచినీటి సరస్సులో తామరాకుల నడుమ తాటిదోనెలు తిరుగుతాయి. శీతకాలంలో దూరదేశాల బాతులు ఇక్కడి నీటికోళ్లతో, కొంగలతో కలిసి మేస్తాయి.

పూర్వం చలికాలమంటే వేటకాలం. తుపాకీలోకి కావలసిన ఛర్రాలను కొందరు ఇంటివద్దనే పోసుకొనేవారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. వంటింటి పొయ్యి సెగ చాలు. 1782లో ఇంగ్లండులోని బ్రిస్టల్ వాసి విలియం వాట్స్ ఈ పనికి ఒక మార్గం కనుగొన్నాడు. కరిగిన సీసాన్ని ఎత్తునుండి జల్లెడగుండా జారవిడిస్తే చుక్కలు గాలిలోనే గుండ్రబడి, కింద నీటిలో గట్టిపడతాయి.

అయితే సీసం విషం. దాని ఆవిరి, ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తాయి. గురితప్పిన ఛర్రాలు చెరువు అడుగున మిగులుతాయి. మేత అరగడానికి ఇసుకరాళ్లు మింగే బాతులు వాటినీ మింగి, రోజుల తరబడి కృశించి చనిపోతాయి. ఈ కారణంగానే 1991 నాటికి అమెరికా నీటిపక్షుల వేటలో సీసపు ఛర్రాలను దేశమంతటా నిషేధించింది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. 1991 సవరణ లైసెన్సు వేటకు కూడా స్వస్తి పలికింది. అయినా, ఎవరైనా పిట్టలు తెచ్చి అమ్మజూపితే, “మౌల్వీ సాబ్, బిస్మిల్లాహ్ అని కాల్చినది హలాలే కదా?” అని అడిగేవారు ఉన్నారు.

ఇస్లాం వేటను మూలతః నిషేధించలేదు. కాని దెబ్బతగిలి చచ్చినదానిని మాయిదా అధ్యాయం నిషిద్ధాలలో చేర్చింది. బాణపు మొన చీల్చితే తినవచ్చునని, అడ్డంగా తగిలి చస్తే తినరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఛర్రా కోయదు, వేగంతో మోదుతుంది. కనుక ప్రాణముండగా జిబహ్ చేస్తే తప్ప అది హలాల్ కాదని హనఫీ పండితులలో అధికుల అభిప్రాయం. చీల్చుకొని పోతుంది కనుక సమ్మతమే అన్నవారూ ఉన్నారు.

ఈ భేదాభిప్రాయం మాంసానికి సంబంధించినది మాత్రమే. ప్రాణిని గురికి లక్ష్యంగా నిలపడాన్ని ప్రవక్త వారించారు. అన్యాయంగా చంపిన పిచ్చుకను గురించి కూడా అల్లాహ్ సన్నిధిలో ప్రశ్న ఉంటుందని హెచ్చరించారు. ఆకలి తీర్చే మార్గాలు ఎన్నో ఉండగా, చట్టాన్ని మీరి, చెరువులో విషం చల్లి, సరదాకు చంపడాన్ని ఏ హక్కు కిందికి తేగలం? పక్షులు కూడా మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది.

తల్లిదండ్రులారా! గుమ్మంలోకి అడవి పిట్టలు వస్తే కొనకండి. కొనేవారు లేకుంటే అమ్మేవారు ఉండరు. ఫారాల్లో పెంచిన కోళ్లు, కౌజుపిట్టలు అంగళ్లలో దొరుకుతూనే ఉన్నాయి. పాత సీసాన్ని ఇంట కరిగించనీయకండి. ఈ చలికాలంలో ఒక ఉదయం పిల్లలను కొండకర్లకు తీసుకువెళ్లండి. ఖాళీ కడుపుతో గూడు విడిచి, నిండిన కడుపుతో మరలివచ్చే పిట్టల తవక్కుల్ ఏమిటో వారు కళ్లారా చూస్తారు.