గుణదలలో తిన్న తేగ

విజయవాడలో గన్నవరం వెళ్ళే సిటీబస్సు ఎక్కిన మేము గుణదల దాటకుండానే దిగవలసి వచ్చింది. ఆ రోజు ఫిబ్రవరి 10వ తేదీ. గుణదల కొండమీద 1924లో మేరీమాత విగ్రహాన్ని నెలకొల్పారు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అక్కడ గొప్ప ఉత్సవం జరుగుతుంది. ఎక్కడెక్కడి జనమూ వస్తారు. ఆ సంగతి నాకు బస్సు ఆగిన తరవాత గుర్తుకు వచ్చింది.

"అరగంటదాకా కదలదండీ!" అని చెప్పి, కండక్టరు అందరికన్న ముందు తానే దిగి టీ తాగడానికి వెళ్ళాడు.

నాతో మా అన్నయ్య కూతురు చిట్టి ఉన్నది. దానికి ఎనిమిదేళ్ళు. హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్ల. గన్నవరం దగ్గర పల్లెలో ఉన్న నాయనమ్మను చూడటానికి వస్తున్నది. బస్సు దిగగానే, "బాబాయ్, ఆకలి!" అన్నది.

రోడ్డు పక్కన అంగళ్ళకు కరువు లేదు. జీళ్ళు, ఖర్జూరాలు, పునుగులు, మిరపకాయ బజ్జీలు, అన్నీ ఉన్నాయి. కాని చిట్టి వాటి వంక చూడలేదు. కాస్త అవతల, చెట్టు నీడన ఒక అవ్వ గంప ముందు పెట్టుకుని కూచున్నది. "తేగలమ్మా, తంపటేసిన తేగలు!" అని కేకవేస్తున్నది. గంపలో మూరెడేసి పొడుగున, గోధుమ రంగు ములుకుల్లాంటివి కట్టలు కట్టి ఉన్నాయి.

"పుల్లలు అమ్ముతున్నదేమిటి?" అన్నది చిట్టి.

నేను ఒక కట్ట కొన్నాను. పైపొర ఒలిచి, తేగను నిలువునా రెండుగా చీల్చి, ఒక బద్ద దాని చేతికి ఇచ్చాను. అది అనుమానంగా కొరికింది. తరవాత మాట్లాడకుండా నమిలింది. రెండో బద్ద తానే లాక్కున్నది. తంపట తేగ రుచి చెప్పటం కష్టం. చిలగడదుంపలా మెత్తగా ఉంటుంది గాని అంత తీపి కాదు. కాస్త పొగవాసన, చివర ఒక్క పిసరు చేదు. పళ్ళలో పీచు ఇరుక్కుంటుంది. ఆ పీచు తీసుకుంటూనే ఇంకో తేగకు చెయ్యి చాస్తాము!

తంపట ఎలా వేస్తారో అవ్వ చెప్పింది. కుండలో తేగలు నిలువుగా పేర్చి, కాసిని నీళ్ళు చల్లి, మూతిలో గడ్డి బిగించి కూరుతారు. కుండను నేలమీద బోర్లించి చుట్టూ ఎండు తాటాకులు వేసి మంట పెడతారు. తేగలు లోపలి ఆవిరికే ఉడుకుతాయి.

"బాబాయ్, ఇది దేని వేరు?" అని అడిగింది చిట్టి.

"వేరు కాదు, తాటి దుంప," అన్నాను నేను, అన్నీ తెలిసినవాడిలాగా.

అవ్వ పకపకా నవ్వింది. "దుంపేంది బాబూ! అది చెట్టు!"

గంప అడుగునుంచి ఒక పచ్చి తేగను తీసి చూపింది. దానికి ఇంకా టెంక అంటుకుని ఉన్నది. తాటిపండు గుజ్జు తీసేసిన తరవాత మిగిలే టెంకలను వానాకాలం చివర ఇసుక నేలలో పక్కపక్కనే పేర్చి మట్టి కప్పుతారు. దానినే పాతర అంటారు. సంక్రాంతి నాటికి తేగలు తవ్వుకోవచ్చు.

ఇందులో పెద్ద వింత ఒకటి ఉన్నది. చాలా గింజలు మొలకను పైకి పంపితే, తాటి టెంక కిందికి పంపుతుంది. గొట్టంలాంటి మొలక భూమిలోకి దిగుతుంది. పసి మొక్క ఆ గొట్టం కొసలో కూచుని లోతుకు ప్రయాణం చేస్తుంది. ఎండా, మంటా, పశువుల నోరూ అందని చోట వేళ్ళు పోసుకుని, ఆ తరవాతనే ఆకును పైకి పంపుతుంది. ఈలోగా టెంకలో తెల్లని బెండులాంటి గుంజు పెరుగుతుంది. పిల్లలు దానినీ కొట్టుకుని తింటారు, తియ్యగా ఉంటుంది. ఆ గుంజు టెంకలోని గట్టి పప్పును కరిగించి కింది మొక్కకు అందిస్తుంది. ఆ తిండి పిండిగా మారి మొదటి ఆకు తొడుగులో నిలవ ఉంటుంది. అలా బలిసిన తొడుగే మనం తినే తేగ. శ్రీలంకలోని జాఫ్నాలో తేగలను ఎండబెట్టి, పిండి కొట్టి, దానితో జావ కూడా కాచుకుంటారు.

ఇదంతా విన్న చిట్టి నమలటం మానేసింది.

"అయితే నేను నాలుగు చెట్లు తినేశానా?" అన్నది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగినవి.

నాకు ఏమి చెప్పాలో తోచలేదు. అవ్వే అందుకున్నది. "పాతర వేసేది తినడానికే అమ్మడూ! ఒకదాన్నొకటి ఒరుసుకుంటా అన్నీ చెట్లవుతయ్యా?" అన్నది. తరవాత కాస్త గొంతు తగ్గించి, "మా చిన్నతనాన గట్లమీద రాలిన కాయ ఏరుకునేవాళ్ళం. ఇప్పుడు టెంకలు కొనుక్కొస్తన్నాం. నరికేవాళ్ళేగాని నాటేవాళ్ళు లేరు," అన్నది.

చిట్టి చేతిలో మిగిలిన తేగను చూచి, "దీన్ని నాటుతాను," అన్నది.

"ఉడికింది మొలవదే పిచ్చిదానా!" అని అవ్వ ఆ పచ్చి తేగనే, టెంకతో సహా, తడి గుడ్డ చుట్టి దానికి ఇచ్చింది. "లోతుగా గుంట తీసి నిలువునా దించు. తవ్వి తీసింది గదా, బతికితే బతుకుద్ది, లేకపోతే లేదు," అన్నది. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

ఇంతలో బస్సు హారను మోగింది. పక్కన ఏలూరు కాలువ వెంట బస్సు కదిలింది. ఈ కాలువ కృష్ణానది నుంచి బయలుదేరి, ఏలూరులో గోదావరి కాలువతో కలుస్తుంది. పూర్వం ఈ దారినే సరుకుల పడవలు నడిచేవి. గుణదలలో పడవల రేవు అనే పేరు ఇప్పటికీ ఉన్నది. ఇవన్నీ చిట్టికి చెబుదామనుకున్నాను గాని, అది గుడ్డమూట ఒళ్ళో పెట్టుకుని ఇంకేదో ఆలోచిస్తున్నది.

"బాబాయ్, ఇది కాయలు ఎప్పుడు కాస్తుంది?"

"పన్నెండు, పదిహేనేళ్ళు పట్టవచ్చు. ఇంకా ఎక్కువైనా పట్టవచ్చు. అదీ పెంటితాడు అయితేనే. పోతుతాడు అయితే గెల వేస్తుంది గాని కాయ కాయదు."

"ఏదో ఎలా తెలుస్తుంది?"

"పూత పూసేదాకా ఎవరూ చెప్పలేరు."

చిట్టి వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. "అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు!" అన్నది.

నాయనమ్మ ఇంటి వెనక, గట్టు పక్కన, మేమిద్దరం గునపంతో గుంట తీసి దానిని నాటాము. వేసవి గడిచింది. వానలు పడిన తరవాత ఒకనాడు నాయనమ్మ ఫోను చేసి, మట్టిలోనుంచి ఆకు వచ్చిందని చెప్పింది. ఫోటో కూడా పంపించింది. ఆ సాయంత్రమే చిట్టి నాకు ఫోను చేసింది.

"బాబాయ్! అవ్వ మనల్ని మోసం చేసింది. తాటాకు విసనకర్రలాగా ఉండాలి గదా? ఇది కత్తిలాగా ఒక్కటే ఆకు!"

తాటి మొదటి ఆకు ఎప్పుడూ అలాగే ఉంటుందని, విసనకర్రలు తరవాత వస్తాయని చెప్పాను. అది నమ్మలేదు. సంక్రాంతికి వెళ్ళి తానే చూస్తానన్నది.