ఒక్క ఏడాదే కదా, అన్నారు అందరూ

ఐస్ హాకీ మీద తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు ఛోటీ, అని కర్నూలు నుంచి మా భాయీజాన్ ఫోన్‌లో నవ్వారు. చదువుతారు భాయీజాన్, అన్నాను. నేను రాసేది ఆట గురించే. కానీ అందులో ఉన్న సవాల్ మన అందరి ఇళ్ళలోకీ వచ్చి కూర్చున్నదే. కోవిడ్ రోజుల్లో పెద్దవాళ్ళం ఏవో ఫైసలాలు చేశాం. వాటి నుక్సాన్ మాత్రం పిల్లలు మోశారు. దాని హిసాబ్ ఎవరైనా అడిగారా, ఎవరైనా చెప్పారా?

ముందు ఆట సంగతి చెబుతాను. మనకు తెలిసిన హాకీ నేల మీద ఆడేది. ఇది గడ్డకట్టిన మంచు మీద, కాళ్ళకి స్కేట్లు కట్టుకుని ఆడేది. బంతి ఉండదు. గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది, పక్ అంటారు. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. నాకౌట్ మ్యాచ్‌లో స్కోరు సమానమైతే ఓవర్‌టైమ్, అందులో ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే ఆట.

అమెరికా కాలేజీలు 'కాన్ఫరెన్స్' అనే బిరాదరీలుగా కట్టుకుని ఆడతాయి. కాన్ఫరెన్స్ టోర్నమెంటు గెలిచిన జట్టుకి జాతీయ టోర్నమెంటులో నేరుగా చోటు. మగపిల్లల జాతీయ టోర్నమెంటులో ఉండేది 16 జట్లే, కాబట్టి ఆ చోటు విలువ మీరే ఊహించుకోండి. నేను చెప్పబోయేది ఈసీఏసీ హాకీ అనే కాన్ఫరెన్స్ కథ. అందులో 12 కాలేజీలు. ఆరు ఐవీ లీగ్‌వి: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కార్నెల్, బ్రౌన్, డార్ట్‌మత్. మిగతా ఆరు క్లార్క్‌సన్, కోల్‌గేట్, క్విన్నిపియాక్, ఆర్‌పీఐ, సెయింట్ లారెన్స్, యూనియన్.

మేం ఉండేది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ దగ్గర. కోల్‌గేట్‌కీ, కార్నెల్‌కీ కారులో గంట దారి. మా పెద్దోడు ఎనిమిదేళ్ళప్పటి నుంచి గోలీ. వాడి వల్లే మా ఇంట్లోకి ఈ ఆట వచ్చింది. కార్నెల్ రింక్ పేరు లైనా. అక్కడికి వెళితే మ్యాచ్ కన్నా ముందు తమాషా మొదలవుతుంది. ఎదుటి జట్టు ఆటగాళ్ళ పేర్లు చదువుతుంటే స్టూడెంట్లంతా వార్తాపత్రికలు తెరిచి ముఖాలకి అడ్డం పెట్టుకుంటారు, మీరెవరో మాకు పరవా లేదన్నట్టు. హార్వర్డ్ వస్తే మంచు మీదికి చేపలు విసురుతారు. మొదటిసారి చూసి మా అత్తమ్మ, 'యా అల్లా, మంచి చేపల్ని పారేస్తున్నారే' అని దిల్ నొచ్చుకున్నారు.

ఆ కార్నెల్ జట్టు 1970లో 29 మ్యాచ్‌లాడి 29 గెలిచి జాతీయ చాంపియన్ అయింది. ఒక్క ఓటమి లేదు, ఒక్క డ్రా లేదు. అలాంటి సీజన్ ఆ జాతీయ పోటీల చరిత్రలో మరొకటి లేదు. ఆ తర్వాత కార్నెల్‌కి జాతీయ కప్పు మళ్ళీ దొరకలేదు. సరిగ్గా 50 ఏళ్ళకి, 2020 మార్చిలో, 23 గెలుపులు, 2 ఓటములు, 4 డ్రాలతో కార్నెల్ దేశంలో నంబర్ వన్‌గా ఉంది. అమ్మాయిల జట్టు కూడా నంబర్ వన్నే. యాభై ఏళ్ళ ఇంతెజార్ ఖతం కాబోతోందని మా పెద్దోడు రోజులు లెక్కపెడుతున్నాడు.

మార్చి 12న జాతీయ టోర్నమెంట్లన్నీ రద్దయ్యాయి. గెలవలేదు, ఓడలేదు. ఆట మధ్యలో దీపం ఆర్పేసినట్టు అయింది. సరే, వచ్చే ఏడాది చూసుకుందాం అనుకున్నారు పిల్లలు.

వచ్చే ఏడాది రాలేదు. 2020 నవంబర్ 12న ఐవీ లీగ్ చలికాలపు ఆటలన్నీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆర్‌పీఐ, యూనియన్ కూడా తప్పుకున్నాయి. పన్నెండింటిలో నాలుగు మిగిలాయి: క్విన్నిపియాక్, క్లార్క్‌సన్, కోల్‌గేట్, సెయింట్ లారెన్స్. ఎనిమిది కాలేజీల రింకుల్లో ఆ చలికాలమంతా ఖామోషీ.

భయం ఊరికే పుట్టింది కాదు. ఆ జూన్‌లో ఫ్లోరిడాలో సరదాగా ఆడుకున్న ఒక ఐస్ హాకీ మ్యాచ్ మీద అమెరికా ఆరోగ్య శాఖవాళ్ళు రిపోర్టు ఇచ్చారు. ఆడింది 22 మంది. అందులో ఒకరికి కోవిడ్ ఉంది. ఐదు రోజుల్లోపే మరో 14 మందికి లక్షణాలు కనిపించాయి. నాలుగు గోడల మధ్య చల్లటి గాలి, రొప్పుతూ పీల్చే ఊపిరి, ఒకరినొకరు గుద్దుకునే ఆట, బెంచీ మీద భుజం భుజం తగిలే కూర్చోవడం. ఆ జబ్బుకి ఇంతకన్నా మంచి దావత్ ఏముంటుంది?

మా ఇంట్లో కూడా అదే మసలా. ఆయన హాస్పిటల్లో రెస్పిరేటరీ థెరపిస్టు. ఊపిరాడని వాళ్ళకి గొట్టాలు అమర్చే పని. డ్యూటీ నుంచి వచ్చి గ్యారేజీలోనే బట్టలు మార్చుకునేవారు. అత్తమ్మకి 74 ఏళ్ళు, షుగర్. పెద్దోడు పదకొండో క్లాసు. ఈ దేశంలో ఆటగాళ్ళని కాలేజీ కోచ్‌లు గమనించే వయసు అదే. 2021 ఫిబ్రవరిలో మా రాష్ట్రంలో హైస్కూలు హాకీకి షరతులతో ఇజాజత్ వచ్చింది. వాడి దోస్తులు చాలామంది వెళ్ళారు. మేం వద్దన్నాం.

వాడు అరవలేదు. 'అమ్మీ, దాదీ కోసమని చెప్పు, ఒప్పుకుంటా. నా కోసమని మాత్రం చెప్పకు' అన్నాడు. దాదీ కోసమే బేటా, అన్నాను. నిజం అదే. ఆ మాట పక్క గదిలో ఉన్న అత్తమ్మకి వినబడింది. ఆ రాత్రి ఆవిడ రోటీ ముట్టలేదు. నా ఉమర్ అయిపోయింది, బచ్చాని ఆడుకోనివ్వండి, అని ఆయనతో అన్నారట. ఆయన వినలేదు. ఆ చలికాలం పెద్దోడు బేస్‌మెంట్ గోడకి టెన్నిస్ బంతి కొట్టి చేత్తో పట్టుకునేవాడు. టప్, టప్, టప్. పైన వంట చేస్తుంటే ఆ చప్పుడు నా కాళ్ళ కింద తగిలేది.

సాయంత్రాలు ఆ నాలుగు జట్ల ఆట ల్యాప్‌టాప్‌లో పెట్టుకునేవాడు. మళ్ళీ మళ్ళీ అవే జట్లు తలపడేవి. ఎప్పుడు ఏ టెస్టు పాజిటివ్ వచ్చి ఏ మ్యాచ్ ఆగుతుందో తెలియదు. క్లాసులు గదిలో, తిండి డబ్బాల్లో. ఆడినవాళ్ళు అదృష్టవంతులు, ఆడనివాళ్ళు బద్‌నసీబులు అని తేల్చి చెప్పడం అంత ఆసాన్ కాదు. మార్చిలో టోర్నమెంటుకి ముందు, కోవిడ్ నియమాలు తప్పారన్న కారణంతో క్లార్క్‌సన్ తన జట్టు సీజన్ని మధ్యలోనే ఆపేసింది. నాలుగు కాస్తా మూడయ్యాయి.

ఇక సెయింట్ లారెన్స్ సంగతి. కెనడా సరిహద్దు దగ్గర కాంటన్ అనే చిన్న ఊరి కాలేజీ. అంతకు ముందు సీజన్ మొత్తంలో వాళ్ళు గెలిచింది నాలుగే మ్యాచ్‌లు. ఈ సీజన్‌లో కూడా గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. చివరిసారి కాన్ఫరెన్స్ కప్పు అందుకున్నది 2001లో, ఆ పిల్లలు తల్లుల ఒళ్ళో ఉన్నప్పుడు. అలాంటి జట్టు 2021 మార్చి 20, శనివారం రాత్రి, క్విన్నిపియాక్‌ని వాళ్ళ సొంత రింక్‌లోనే ఓవర్‌టైమ్‌లో 3-2తో ఓడించింది. గోల్ పడగానే కుర్రాళ్ళంతా ఒకరి మీద ఒకరు పడి కుప్ప అయిపోయారు. మా పెద్దోడు సోఫా మీంచి ఎగిరాడు. 'చూశావా అమ్మీ, ఆడారు కాబట్టే గెలిచారు' అన్నాడు. ఆ మాట సూటిగా నాకే. నేను జవాబివ్వలేదు.

తెల్లారి ఆదివారం. జాతీయ టోర్నమెంటు జాబితా ప్రకటించే రోజు. సెయింట్ లారెన్స్ హెడ్ కోచ్‌కి పాజిటివ్ వచ్చింది. జాతీయ టోర్నమెంటుకి వెళ్ళాలంటే అంతకు ముందు వరసగా ఏడు రోజుల టెస్టులు నెగటివ్ ఉండాలి. ఆ నియమం ముందు జట్టు తప్పుకోక తప్పలేదు. వాళ్ళ చోటు, వాళ్ళు ముందురోజు రాత్రి ఓడించిన క్విన్నిపియాక్‌కి వెళ్ళింది.

గెలిచినవాళ్ళు ఇంటికి, ఓడినవాళ్ళు పోటీకి. ఇందులో ఎవరినైనా జాలిమ్ అందామంటే దొరకడు. కోచ్ కావాలని జబ్బు తెచ్చుకోలేదు. నియమం రాసినవాళ్ళు ప్రాణాలు కాపాడాలనే రాశారు. క్విన్నిపియాక్ పిల్లలు ఎవరి చోటూ లాక్కోలేదు. వాళ్ళు కూడా వారానికల్లా మొదటి మ్యాచ్‌లోనే మిన్నెసోటా స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో 4-3తో ఓడారు. కసూర్ ఎవరిదీ కానప్పుడు దుఃఖం ఎక్కడ దించుకోవాలి? షికాయత్‌కి ఒక గడప ఉంటే మనిషి కాస్త తేలికపడతాడు. ఆ పిల్లలకి ఆ గడప కూడా లేదు.

మా పెద్దోడు ఆ రోజు మాట్లాడలేదు. నేను చెప్పిందే సహీ అని ఒక్క మాట అనడానికి మంచి మౌకా. అనలేదు, ఎందుకంటే అది సహీ కాదు. ఆడకుండా తలుపు మూసిన కార్నెల్ పిల్లల సీజన్ పోయింది. తలుపు తెరిచి జాగ్రత్తగా నడిచిన సెయింట్ లారెన్స్ పిల్లల చోటు పోయింది. ఏ ఫైసలా చేసినా ఖర్చు ఉంది. పెద్దవాళ్ళ జిమ్మేదారీ ఆ ఖర్చు లేదని చెప్పడం కాదు. ఉందని ఒప్పుకుని, ఎవరి జేబులోంచి పోయిందో వాళ్ళ ముందు కూర్చోవడం.

మా చుట్టాలు చాలామంది ఫోన్‌లో వాడికి ఒకే తసల్లీ ఇచ్చారు. 'ఒక్క ఏడాదే కదా బేటా.' మంచి మనసుతోనే అన్నారు. కానీ ఏడాది అందరికీ ఒకే పొడవు ఉండదు. నాకు 46. నా జిందగీలో ఒక ఏడాది పోతే నలభై ఆరో వంతు. కాలేజీ ఆటగాడికి ఉండేది నాలుగు సీజన్లు. ఒకటి పోతే పావు వంతు. 2020 మార్చిలో ఒక ముగింపు, ఆ తర్వాత ఒక పూర్తి సీజన్ పోగొట్టుకున్న కార్నెల్ కుర్రాడికి ఇంకెంత?

భర్తీ కూడా సమానంగా అందలేదు. ఆ ఏడాదిని లెక్కలోకి తీసుకోకుండా చలికాలపు ఆటగాళ్ళకి ఇంకో సీజన్ ఆడే హక్కు ఇచ్చారు. కానీ ఐవీ లీగ్‌లో డిగ్రీ అయ్యాక ఆడనివ్వరు. అప్పటి ఆఖరి సంవత్సరం వాళ్ళకి మాత్రం, ఒక్కసారికే, ఆ నియమం సడలించారు. వేరేచోట్ల పిల్లలు ఐదో ఏడాది దర్జాగా ఆడారు. 2023 ఏప్రిల్ 8న క్విన్నిపియాక్ జాతీయ ఫైనల్లో మిన్నెసోటాని 3-2తో ఓడించి మొదటిసారి కప్పు అందుకుంది, ఓవర్‌టైమ్ మొదలైన 10 సెకన్లకే గోల్. ఆ జట్టు కెప్టెన్ జాక్ మెట్సా అలా ఐదో ఏడాది ఆడినవాడే. ఆ కుర్రాడి మెహనత్‌కి నా సలాం. ఆ రాత్రి గెలిచిన కాంటన్ పిల్లల కోసం మాత్రం మార్చి 21ని ఎవరూ వెనక్కి తేలేరు. అయినా కప్పు మీద పేరు వాళ్ళదే. ఓడింది వాళ్ళు కాదు. అంతమాత్రం హక్ వాళ్ళకి మిగిలింది.

మా పెద్దోడు కాలేజీ జట్టుకి ఆడలేదు. ఇప్పుడు శనివారాలు చిన్నపిల్లలకి గోలీ పాఠాలు చెబుతాడు. అత్తమ్మ మాతోనే ఉన్నారు. ఈ రెండు వాక్యాలనీ తక్కెడలో పెట్టి తూచమని నన్ను అడగకండి. వాడు కూడా అడగలేదు. కానీ నేను ఒకరోజు వాడి పక్కన కూర్చుని, 'నీ ఏడాది మేం తీసుకున్నాం బేటా. దాదీ కోసం. మాకు గుర్తుంది' అన్నాను. వాడు కాసేపు ఫోన్ చూస్తున్నట్టు నటించాడు. తర్వాత, 'ఇన్నాళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు అమ్మీ' అన్నాడు.

మన దగ్గర కూడా 2021లో రెండు రాష్ట్రాల్లో ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దయ్యాయి. రాత్రింబవళ్ళు చదివిన పిల్లలకి పరీక్షే లేకుండా పోయింది. కాలేజీ మొదటి ఏడాది ఫోన్ తెరలో గడిచిన వాళ్ళున్నారు. ఆగిపోయిన ఆటలు, మానేసిన చదువులు, ఇంటి మజ్బూరీ కోసం దుకాణంలో కూర్చున్న కుర్రాళ్ళు. మీ ఇంట్లో అలాంటి బచ్చా ఉంటే, ఇప్పుడు పెద్దవాడైపోయి ఉంటాడు. అయినా అడగండి. ఆ ఏడాది నీది ఏం పోయిందిరా అని. మధ్యలో సర్దిచెప్పకండి. వాడు చెప్పింది పూర్తిగా వినండి.