ట్రక్కు మీద కాపురం

కిందటి చలికాలం లాస్ వేగస్‌లో ఉన్న మా బావమరిది తన ట్రక్కు మీద ఒక చిన్న గది అమర్చి, మా దంపతులను డెత్ వ్యాలీకి బయలుదేరదీశాడు. గదిలో మంచం, పొయ్యి, కుళాయి! తిప్పితే చాలు, బ్యాటరీ పంపు నీళ్ళు తోడుతుంది; వాడిన నీళ్ళు వేరే తొట్టిలో చేరతాయి. మంచినీళ్ళ తొట్టి 30 గ్యాలన్లు, అంటే సుమారు 113 కిలోలు. వెనకాల తగిలించిన హోండా ట్రైల్ 125 మోటారు సైకిలూ దాదాపు అంత బరువే.

వీధి మలుపు తిరగకముందే స్టీరింగు తేలిపోయింది. వెనక ఇరుసుకు ఆవల వేలాడే బరువు ముందు చక్రాలను తేలిక చేస్తుందట!

"నీళ్ళు సగం వదిలేద్దాం, బావగారూ!" అన్నాడు.

1913లో 56.7 డిగ్రీల ఎండ కాసిన చోటది. మనిషికి రోజుకు 1 గ్యాలనైనా ఉండాలంటారు.

"నీళ్ళు మాత్రం వదలకురా, తమ్ముడూ" అంది మా ఆవిడ. అనంతపురంలో బిందె మోసి పెరిగిన మనిషి.

మోటారు సైకిలు దిగింది. అతడు రెండు రోజులు ముఖం ముడుచుకునే ఉన్నాడు.

నాలుగోనాడు ఇల్లు చేరేసరికి తొట్టిలో ఇంకా బిందెడు నీళ్ళున్నాయి. పారబోయబోతుంటే ఆవిడ ఆపి, కిటికీలోని తులసికి చెంబుడు పోసింది. మిగిలినవాటితో అతడే తన మోటారు సైకిలు తుడుచుకున్నాడు, నవ్వుతూ.