ఏనుగుకు మేత తగ్గించిన లెక్క

మొన్న నేను పెట్టిన కారు ఫోటో కింద చాలామంది ఒకటే అడిగిన్రు. "అన్నా, అంత పెద్ద బండి, పెట్రోల్‌కే నీ జీతం అయిపోతదేమో?" అని. ఒక్కొక్కరికి జవాబు చెప్పుడు కష్టం. ఇయ్యాల శుక్రవారం, సెలవు. బట్టలు ఉతుకుడు అయిపోయింది. కూసొని మొత్తం రాస్తున్న. పొడుగు ఉంటది, ఓపిక ఉన్నోళ్లు చదవండి.

బండి పేరు షెవర్లే కాప్రిస్ క్లాసిక్. 1979 మాడల్. ఇంజన్ 5.7 లీటర్లు, ఎనిమిది సిలిండర్లు, మూడు గేర్ల ఆటోమేటిక్. బరువు సుమారు 1,700 కిలోలు. సౌదీలో ముసలోళ్లకు ఈ బండి అంటే ప్రాణం. మన దగ్గర అంబాసిడర్ ఎట్లనో ఇక్కడ ఇది అట్ల. మా లేబర్ పోరగాండ్లు దీనికి పెట్టిన పేరు ఏనుగు.

ఇది నాది కాదు. మా కఫీల్‌ది. ఇస్తిమారా కూడా ఆయన పేరు మీదనే ఉన్నది. 2016లో నన్ను మేస్త్రీ నుంచి సూపర్‌వైజర్ చేసినప్పుడు జీతం పెంచుతడు అనుకున్న. ఆయన జీతం పెంచలేదు, ఈ బండి తాళంచెవి చేతుల పెట్టిండు. నెలకు 300 రియాళ్లు పెట్రోల్ ఖర్చు ఇస్త అన్నడు. అప్పట్ల 95 పెట్రోల్ లీటరు 90 హలాలాలు. రూము నుంచి సైటుకు, మధ్యల సామాన్ల దుకాణాలకు, రోజుకు 50 కిలోమీటర్ల తిరుగుడు. నెలకు 270 దాకా అయ్యేది. ముప్పై రియాళ్లు మిగిలేది. బండి ఎంత తాగుతుందో నేను ఏనాడూ చూసుకోలేదు. మిగులుతున్నప్పుడు ఎవరు చూస్తరు?

2018 జనవరి 1. ఆ తారీఖు గల్ఫ్‌ల ఉన్నోళ్లు మర్చిపోరు. సౌదీల ఐదు శాతం ట్యాక్స్ మొదలైంది. అదే రోజు 91 పెట్రోల్ 75 హలాలాల నుంచి 1.37 రియాళ్లు అయ్యింది. 95 అయితే 90 హలాలాల నుంచి ఒక్కటేసారి 2.04. నెలాఖరుకు లెక్క చూస్తే 616 రియాళ్లు. కఫీల్ ఇచ్చేది 300. మిగతా 316 నా జేబుల నుంచి. అప్పటి రేటు రియాల్‌కు 17 రూపాయలు, అంటే నెలకు ఐదు వేల మూడొందల పైన. కరీంనగర్‌ల మా బిడ్డ ఇంటర్ మొదటి సంవత్సరం. ఆమె హాస్టల్‌కు నెలకు కట్టేది కూడా దగ్గర దగ్గర అంతే. అంటే నా బిడ్డ తినే అన్నం ఏనుగు తింటున్నది.

తాళంచెవి తీస్కొని కఫీల్ ఇంటికి పోయిన. "బాబా, పెట్రోల్ పైసలు పెంచు, లేకపోతే బండి నువ్వే ఉంచుకో. నేను లేబర్ బస్సులనే పోత" అని చెప్పిన. లేబర్ బస్సు పొద్దుగాల నాలుగున్నరకు బయలుదేరుతది. అయినా సరే అనుకున్న. ఆయన గావా పోసిండు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నడు, "పైసలు పెంచలేను, పని తక్కువున్నది. బండి తిరిగి ఇస్తే తష్లీహ్‌కు పోతది. నా కొడుకులు దాని దిక్కు చూడరు." తష్లీహ్ అంటే ఇక్కడ పాత బండ్ల తుక్కు బజారు. ఆ బండి ఆయన కొత్తగ కొన్నదట. పెద్ద కొడుకు పుట్టినప్పుడు భార్యను దవాఖాన నుంచి ఇంటికి తెచ్చింది దాంట్లనేనట. తాళంచెవి నా చేతులనే ఉండిపోయింది. వాపస్ వచ్చిన.

మా బాపుకు బాయి కాడ డీజిల్ ఇంజన్ ఉండేది. ఆయనకు చదువు లేదు. కానీ ఒడ్డు మీద నిలబడి చప్పుడు విని, పొగ రంగు చూసి, "దమ్ము సరిగ తీస్తలేదు, నూనె దండుగైతున్నది" అనేటోడు. అది గుర్తొచ్చింది. ఏనుగు కూడా పొద్దున స్టార్ట్ చేస్తే నల్లగ పొగ ఇడుస్తది, పెట్రోల్ వాసన వస్తది. అంటే కాలకుండనే పోతున్నది కొంత. పోయేదాన్ని ఆపొచ్చు కదా అనుకున్న.

ముందుగాల లెక్క. సైటుల కొలువకుండ కాంక్రీట్ పోస్తమా? ట్యాంకు నిండ కొట్టించి, పంపు మొదటిసారి టక్కుమని ఆగినకాడ ఆపించిన. కిలోమీటర్లు రాసుకున్న. మళ్ల అదే బంకుల, అదే పంపు దగ్గర నింపిన. మీటరు సరిగ్గ తిరుగుతుందా లేదా అని హైవే మీద కిలోమీటర్ బోర్డులతోని సరి చూసిన. వచ్చిన లెక్క లీటరుకు 4.3 కిలోమీటర్లు. ఆ నంబరు 60 పేజీల నోట్‌బుక్‌ల మొదటి పేజీల రాసిన.

ఇంక సనాయాల మెకానిక్ దగ్గరికి పోయిన. పెషావర్ దిక్కు పఠాన్, పెద్దమనిషి, ఉస్తాద్ అని పిలుస్త. కాప్రిస్‌లు ఇప్పి బిగించుట్ల ఆయన చెయ్యి తిరిగినోడు, కానీ మొండి. ఆయన ముందుగాల చెప్పిన ఇలాజు పెట్రోల్ పైపుకు కట్టే అయస్కాంతం. 60 రియాళ్లు. కట్టించిన. నెల చూసిన. 4.3 అట్లనే ఉన్నది. అమెరికాల ప్రభుత్వం ఇసొంటి సామాన్లు చాలా వాటిని పరీక్ష చేసి, దాదాపు ఏదీ పని చెయ్యదని తేల్చిందని తర్వాత చదివిన. ఇప్పుడు ఆ అయస్కాంతం మా రూము ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పట్టుకొని ఉన్నది. అక్కడ మంచిగ పని చేస్తుంది.

ఒకరోజు సైటు నుంచి వచ్చినంక ఊరికెనే నాలుగు చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూసిన. ముందు కుడి చక్రం సలసల కాగుతున్నది. మిగతా మూడు మామూలు. బ్రేక్ తొక్కకున్నా పట్టుకొనే ఉంటున్నదన్నట్టు. ఇప్పి చూస్తే రబ్బరు పైపు లోపల ఉబ్బి మూసుకపోయింది. నూనె పోతది గాని వాపస్ రాదు. ఏనుగు ఇన్ని రోజులు ఒక కాలుకు సంకెల కట్టుకొని నడిచింది. పైపు, కాలిపర్ కిట్టు కలిపి 90 రియాళ్లు. టైర్లల్ల గాలి కూడా 24 ఉన్నది. ఇక్కడ చాలామంది ఎండకాలం టైరు పగులుతదని గాలి తక్కువ పెట్టిస్తరు. తమ్ముళ్లూ, అది ఉల్టా. గాలి తక్కువుంటే టైరు ఎక్కువ ఒంగుతది, ఎక్కువ కాగుతది, అప్పుడే పగులుతది. పొద్దుగాల బండి చల్లగున్నప్పుడు చూసి 32 పెట్టిన. లెక్క 4.8కు వచ్చింది.

తర్వాత థర్మోస్టాట్ దగ్గర ఉస్తాద్‌తోని పెద్ద లొల్లి అయ్యింది. ఎవరో ఎప్పుడో దాన్ని పీకి పారేసిన్రు. "ఇక్కడ యాభై డిగ్రీల ఎండ, ఇంజన్ చల్లగుండుడే మంచిది" అంటడు ఆయన. ఇంజన్ మన లెక్క మనిషి కాదు. దానికి ఒక వేడి కావాలె. చల్లగుంటే పెట్రోల్ మంచిగ ఆవిరి కాదు, చోక్ తొందరగ తెరుచుకోదు, నూనె చిక్కగుంటది. జనవరిల పొద్దున పది డిగ్రీలు ఉంటది ఇక్కడ, నేను సైటుకు చేరేదాకా వేడి ముల్లు అడుగునే ఉండేది. 82 డిగ్రీలది తెచ్చి బలవంతంగ పెట్టించిన, 25 రియాళ్లు. ముందు ఫ్యాన్ కూడా క్లచ్ పాడైతే నేరుగ బోల్టు కొట్టి పెట్టిన్రు. ఎప్పుడూ ఇంజన్ బలం తింటనే ఉంటది, విమానం లెక్క చప్పుడు. తష్లీహ్‌ల మంచి క్లచ్ 40కి దొరికింది. కాగుతదేమోనని జూన్‌ల భయం భయంగనే తిప్పిన. కాగలేదు. ఉస్తాద్ ఏమీ అనలేదు గాని, తర్వాత ఇంకో కాప్రిస్‌కు కూడా పెట్టిండు, నేను చూసిన.

అసలు దొంగ దొరికింది ఇగ్నిషన్‌ల. డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న డబ్బా ఉంటది, దాన్ని వాక్యూమ్ అడ్వాన్స్ అంటరు. నాకు అర్థమైనకాడికి చెప్త. రోడ్డు మీద మెల్లగ, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి పోతున్నప్పుడు సిలిండర్‌ల గాలి, పెట్రోల్ పల్చగుంటయి. పల్చగున్నది నిదానంగ కాలుతది. నిదానంగ కాలేదానికి నిప్పు ముందుగాల పెట్టాలె. తడి కట్టెలు ఉన్ననాడు పొయ్యి ముందుగాల అంటించినట్టు. ఆ ముందు పెట్టే పని ఈ డబ్బాది. దాని పైపు తీసి నోటితోని గుంజి చూసిన. ఊరికెనే గాలి వచ్చింది, లోపల పొర చినిగింది. అంటే ఎన్నేండ్ల నుంచో ఆలస్యంగ నిప్పు పడుతున్నది, సగం మంట పొగగొట్టంలకు పోతున్నది. కొత్త డబ్బా 70 రియాళ్లు. టైమింగ్ లైటు పెట్టి సరి చేసిన్రు. బండి ఎక్కంగనే తేడా తెలిసింది, పెడల్ సగమే తొక్కితే చాలు. 5.7.

ఆ తర్వాత కార్బురేటర్. దీనికి ఉన్నది క్వాడ్రాజెట్. ముందు రెండు రంధ్రాలు చిన్నవి, వెనుక రెండు దర్వాజాలంత పెద్దవి. మెల్లగ నడిపితే చిన్నవాటి మీదనే పోతది, అందుకే సక్కగుంటే ఈ కార్బురేటర్ తక్కువ తాగుతది. మాదాంట్ల ఫ్లోట్ పాడైంది. అది బెండు అసొంటి దానితో చేస్తరు, ఏండ్లు గడిస్తే పెట్రోల్ పీల్చుకొని బరువెక్కుతది, సరిగ్గ తేలదు, లోపల పెట్రోల్ మట్టం పెరుగుతది. వంటరూము కాంటా మీద పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి తూచిన. పాతది బరువెక్కువ తూగింది. మా రూమోళ్లు నన్ను పిచ్చోన్ని చూసినట్టు చూసిన్రు, కాంటాకు పెట్రోల్ వాసన పట్టిందని వారం రోజులు తిట్టిన్రు. చోక్ కూడా సగం మూసుకొనే ఉండిపోతున్నది, కడిగి తిప్పితే సరైంది. నల్ల పొగ పోయింది. 6.2.

ఇంకొకటి చేసిన. 45 రియాళ్లకు వాక్యూమ్ మీటరు కొని డాష్‌బోర్డు మీద పెట్టిన. బండి నిలబడి ఉంటే ముల్లు 18 దగ్గర ఉంటది, కాలు గట్టిగ తొక్కితే కిందికి పడిపోతది. ముల్లు 10 కింద పడకుండ నడుపుడు నేర్చుకున్న. సిగ్నల్ దూరం నుంచే చూసి కాలు తీసుడు, బకాలా ముందట ఏసీ కోసం ఇంజన్ నడిపించి వదిలిపెట్టకుండ బంద్ చేసుడు. 6.4.

95 ఎందుకు కొట్టిస్తున్నమో కూడా అప్పుడే ఆలోచన వచ్చింది. కఫీల్ అదే చెప్పిండు, పెద్ద బండికి పెద్ద పెట్రోల్ అని. కానీ ఈ ఇంజన్ కంప్రెషన్ 8 చిల్లరే. 91 చాలు. టైమింగ్ సరిగుంటే ఎత్తు ఎక్కినప్పుడు కూడా ఇంజన్ కొట్టుకుంటలేదు. ఒకదానికి ఒకటి తోడైంది. రోజుకు ఎనిమిది లీటర్ల లోపల, లీటరు 1.37, నెలకు 278 రియాళ్లు. కఫీల్ ఇచ్చే 300ల అయిపోయి 22 మిగిలింది. రిపేర్లకు మజూరీ, దండుగైన అయస్కాంతం అన్నీ కలిపి 600 పోయినయి, రెండు నెలల్ల వాపస్ వచ్చినయి.

ఉస్తాద్ ఆగలేదు. నాలుగు గేర్ల పాత డబ్బా తష్లీహ్‌ల ఉన్నది, పెడితే హైవేల ఇంజన్ మెల్లగ తిరుగుతది, 3,000ల అయిపోతది అన్నడు. మాట నిజమే. కానీ నా దారిల సిగ్నళ్లే ఎక్కువ. రోజుకు లీటరు మిగిలినా నెలకు 36 రియాళ్లు, మూడు వేలు వచ్చేసరికి ఏడేండ్లు. నా ఇఖామాకే ఏడేండ్ల గ్యారంటీ లేదు. వద్దన్న.

ఒక సంగతి చదివి నవ్వొచ్చింది. 1973 అక్టోబర్‌ల అరబ్ దేశాలు అమెరికాకు నూనె బంద్ పెట్టినయి. ఆ దెబ్బకు అక్కడ 1975ల చట్టం వచ్చింది, 1978 మాడళ్ల నుంచి కంపెనీ కార్ల సగటు గ్యాలన్‌కు 18 మైళ్లు ఉండాలె అని. మన లెక్కల లీటరుకు 7.6 కిలోమీటర్లు. 1977ల కాప్రిస్‌ను జానెడుకు పైగా పొట్టి చేసి దాదాపు 300 కిలోలు తగ్గించిన్రు. అంటే మన ఏనుగు బక్కచిక్కిన ఏనుగు. ఇక్కడి నూనె బంద్‌కు భయపడి అక్కడ చిన్నగ చేసిన బండి, మళ్ల ఇక్కడికే వచ్చి, ఇక్కడి నూనె ధర పెరిగితే జగిత్యాలోనితోని రిపేరు చేయించుకున్నది.

2021 జులై నుంచి 91 ధర 2.18 దగ్గర ఆగింది. ఇప్పుడు మళ్ల నెలకు 440 దాకా పోతది. కానీ ఈసారి కఫీల్ దగ్గరికి నోట్‌బుక్ తీస్కొని పోయిన. పేజీ పేజీ తిప్పి చూసిండు. అంకెలు మాత్రమే అర్థమైనయి ఆయనకు. పెట్రోల్ పైసలు 450 చేసిండు. తర్వాత కర్ర పట్టుకొని లేచి వచ్చి, బండిల నా పక్కన కూసున్నడు. ఎన్నేండ్లకో ఎక్కిండు. హైవే మీదికి పొమ్మన్నడు. వాక్యూమ్ ముల్లు చూపించి, ఇది 10 కింద పడకూడదు బాబా, అని చెప్పిన. శ్రద్ధగ విన్నడు. రెండు నిమిషాలైనంక నా మోకాలు మీద కర్రతోని పొడిచి, "తొక్కు" అన్నడు.

తొక్కిన. వెనుక రెండు దర్వాజాలు తెరుచుకున్నయి. ఆ బొబ్బ మీరు వినాలె. ముల్లు సున్నాకు పడ్డది. ముసలాయన కిటికీ దించి, గుత్రా పట్టుకొని నవ్వుతున్నడు. పోను రాను ఐదారుసార్లు తొక్కించిండు.

ఆ ట్యాంకు లెక్క 5.1 వచ్చింది. నోట్‌బుక్‌ల దాని పక్కన "బాబా ఎక్కిండు" అని రాసి పెట్టుకున్న.