చెయ్యెత్తడం చేతకానితనం కాదు

మేం రాజమండ్రిలో చదువుకుంటున్న ఏజెన్సీ పిల్లలం. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్ ఫైరింగ్. ఐదు రౌండ్లు. మాలో ఒకమ్మాయికి రెండో రౌండుకే ఖాళీ కేసు ఇరుక్కుంది.

"కొండోళ్లకి బాణాలే నయం" అని వెనకాల ఎవరో నవ్వారు. 1922 ఆగస్టులో రాజవొమ్మంగి స్టేషన్ తుపాకులు ఎవరు పట్టుకెళ్లారో చెప్పాలనిపించింది మాకు!

తను కంగారుపడలేదు. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, చెయ్యెత్తింది. ఉస్తాద్ వచ్చి మేగజైన్ తీసి చూపించారు. కేసు అంచుని పట్టి లాగే కొక్కెం, అదే ఎక్స్‌ట్రాక్టర్, దాని కింద మసి పేరుకుంది. బోల్టు సగమే లాగినా కేసు ఎజెక్టర్‌కి తగలదు, బయటికి ఎగరదు. మేగజైన్ పైఅంచులు వంగితే తూటా సరిగ్గా ఎక్కదు. ఈ తూటా అంచు మీద దెబ్బకే పేలుతుంది, అందుకే దేనితోనూ పొడవకూడదన్నారు.

శుభ్రం చేశాక మిగతా మూడూ టార్గెట్‌కే తగిలాయి. క్లాసులో అర్థంకాకపోయినా ఇంతే. నవ్వేవాళ్లు నవ్వుతారు, మనం చెయ్యెత్తుదాం.