పానా పట్టిన చేతికి రేటు

పనికి రేటు ఎవరు కడ్తరు? పనిని చూసి కడ్తరా, పనోన్ని చూసి కడ్తరా? ఈ ప్రశ్న నాకు ఏ పుస్తకంల దొరకలే. ఒక కారు ఎస్టిమేట్ కాయితంల దొరికింది.

మాది లక్సెట్టిపేట దిక్కు ఊరు. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి మంచిర్యాల జిల్లా. మా మాదిగవాడల డిగ్రీ దాకా పోయిన మొదటోన్ని నేనే. సర్కారు బడిల పంతులునయిన. పెండ్లయినంక బ్యాంకు లోను మీద కరీంనగర్ షోరూంల ఒక చిన్న కారు కొన్న. బండి వాడకట్టుకు వచ్చిననాడు మా అవ్వ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. వాడంత వచ్చి తొట్టెల పిల్లను చూసినట్టు చూసిన్రు.

వారంటీ అయిపోయిన ఏడాదికి స్టీరింగు ముంగట బ్యాటరీ గుర్తు ఎర్రగ వెలుగుడు మొదలయింది. గోదావరి దాటి కరీంనగర్ పోయిన. ఏసీ గది, అద్దాల గోడ, కాగితపు గ్లాసుల కాఫీ. తెల్ల అంగీ పిలగాడు ‘సార్, సార్’ అనుకుంట కంప్యూటర్ల లెక్క తీసిండు. ఆల్టర్నేటర్ మొత్తం మార్చాలె, బెల్టు మార్చాలె, బ్యాటరీ మార్చాలె. నేను అడగకున్నా ఇంజన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్ గూడ రాసిండు. లేబర్ ఛార్జీ వేరే, దాని మీద జీఎస్టీ వేరే. అన్ని కలిసి ఇరవై ఎనిమిది వేల చిల్లర.

‘‘ఆల్టర్నేటర్ల ఏం చెడిపోయింది?’’ అని అడిగిన.

‘‘అది మేం విప్పం సార్. మొత్తం సెట్టే మారుస్తం’’ అన్నడు.

ఏం చెడ్డదో చెప్పకుంటనే ధర చెప్పిండు. కాయితం జేబుల పెట్టుకున్న. బ్యాటరీ ఛార్జింగు పెట్టించి, ఏసీ బందుపెట్టి, పగటిపూటనే ఇంటిమొఖం పట్టిన.

మంచిర్యాల రోడ్డు మీద మా పెద్దబాపు కొడుకుది రేకుల షెడ్డు. అన్న ఆల్టర్నేటర్ ఊడదీసి నా ముంగటనే విప్పిండు. ‘‘చూడు తమ్మీ, కార్బన్ బ్రష్‌లు అరిగినయి. బేరింగు గూడ గరగర అంటున్నది. గింతే’’ అని గోరంత ముక్కలు నా అరచేతుల పెట్టిండు. సామానుకు ఆరునూటయాభై, కూలి ఐదునూర్లు. బిగించినంక మీటరు పెట్టి చూసిండు. పద్నాలుగు వోల్టులు. ఎర్రగుర్తు ఆరిపోయింది.

ఇది నా ఒక్కని గోస కాదు. 2011 జనవరిల షంషేర్ కటారియా అనే ఆయన ఢిల్లీల కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేసిండు. కార్ల కంపెనీలు విడిభాగాలను, రోగం పట్టే యంత్రాలను బయటి మెకానిక్కులకు అందనియ్యకుంట తమ డీలర్ల చేతులనే పెట్టుకుంటున్నయని ఆయన ఫిర్యాదు. విచారణ ఒకటి రెండు కంపెనీలతో ఆగలే. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీలను తప్పుపట్టి, మొత్తం 2,544 కోట్ల రూపాయల పైన జరిమానా వేసింది. విడిభాగాలు, యంత్రాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు దొరకాలని ఆదేశించింది. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయొద్దని చెప్పింది. కంపెనీలు ఊకుంటయా? అప్పీళ్లకు పోయినయి.

ఆ తీర్పు సంగతి చదువుతుంటే నాకు కార్లు యాదికి రాలే. మనుధర్మం యాదికొచ్చింది. విద్యను ఒక గదిల పెట్టి తాళం వేసుడు, తలుపు బయట నిలబడ్డోనికి ‘నీకు రాదు’ అనుడు. ఈ దేశంల ఇది పాత కథనే. కొత్త బండ్లల్ల తాళంచెవి పోతే, కొత్తదాన్ని బండి కంప్యూటర్‌కు పరిచయం చేయాలె. దాని యంత్రం, పాస్‌వర్డు కంపెనీ కాడ ఉంటయి. ముప్పై ఏండ్లు ఇంజన్ల గుండె చప్పుడు విన్న మా అన్న అక్కడ చేతులు కట్టుకొని నిలబడాలె. ఆయనకు పని రాక కాదు, రానియ్యక.

మా తాత మోట బొక్కెన కుట్టేటోడు. లందల తోలు నానబెట్టి, తంగేడు చెక్క దంచి పోసి, పదును చేసి కుట్టేటోడు. ఆ బొక్కెన లేకుంటె బావి నీళ్లు మడిలకు ఎక్కవు. ఏడాదంత కుట్టుడు, చినిగితే మాట్లు వేసుడు. దానికి రేటు లేదు. కల్లం కాడ అందరు కొల్చుకున్నంక అడుగున మిగిలిన గింజలు. ఎన్ని పెట్టాల్నో పటేలు ఇష్టం. కరెంటు మోటర్లు వచ్చినంక మోట పోయింది. మోటతోని మా తాత విద్య పోయింది. దాన్ని ఎవ్వలు విద్య అననే లేదు.

అన్న ఏడో తరగతిల బడి ఇడిచిపెట్టి మంచిర్యాల లారీ షెడ్డుల చేరిండు. ఉస్తాదు సాయిబు. పది పదకొండు పానా అడిగితే పన్నెండు పదమూడు అందిస్తే వీపు మీద దెబ్బ. కాని ఉస్తాదు తాగిన గ్లాసులనే అన్న చాయ్ తాగిండు. మా ఊరి హోటల్ల మాకు వేరే గ్లాసు పెట్టిన రోజులవి. అందుకే అన్న ఇయ్యాల్టికి ఉస్తాదు పేరెత్తితే లేచి నిలబడ్తడు.

షెడ్లోళ్లంత సత్యహరిశ్చంద్రులని నేను అంటలేను. నకిలీ సామాను వేసేటోళ్లు ఉన్నరు. కాని షెడ్డుల బండి మన కండ్ల ముంగట విప్పుతరు, అడిగితే చెప్తరు, బేరమాడితే తగ్గిస్తరు. ఆ తగ్గించుడే నా బాధ.

నాతోని పనిచేసే ఒక సారు షోరూంల సర్వీసింగుకు పదకొండువేలు కట్టి మారుమాట్లాడకుంట వచ్చిండు. అదే సారు బ్రేకుల పనికి మా అన్న కాడికి వచ్చిండు. అన్న కూలి ఏడునూర్లు అన్నడు. ‘‘ఏయ్, గంటసేపు పనికి ఏడునూర్లా?’’ అన్నడు. నాదిక్కు తిరిగి, ‘‘సార్, మీరన్న చెప్పుండ్రి, మీవాడే గద’’ అన్నడు. నేను ‘సార్’, మా అన్న ‘ఏయ్’. మా ఇద్దరి నడుమ ఉన్నది ఒక డిగ్రీ కాయితం. ‘మీవాడే’ అన్న మాటల మాత్రం ఇద్దరం ఒక్కటే.

‘‘సార్, గంటల అయిందంటే అది ముప్పై ఏండ్లు నేర్చిన పని’’ అన్న. సారు ఐదునూర్లే ఇచ్చి పోయిండు.

మరి షోరూం లేబర్ ఛార్జీ పనిచేసిన చేతికి పోతదా అంటే, అదీ లేదు. నా కాడ పదో తరగతి చదివిన మాలపిలగాడు ఐటీఐ చేసి అసొంటి ఒక షోరూంల పనిచేస్తుండు. నెలకు పన్నెండువేలు. వాడు చేసే ఒక్కరోజు పనికి బిల్లుల రాసే లేబర్ ఛార్జీలు కలిపితే వాని నెల జీతమంత అయితదట. అద్దాల అవతల మావాడే, రేకుల కింద మావాడే. అద్దానికి రేటున్నది. చేతికి లేదు.

బండ్లున్న మనోళ్లు ఇప్పుడు పెరుగుతున్నరు. టాక్సీలు, ట్రాలీ ఆటోలు లోన్ల మీద తెచ్చుకున్నరు. వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, అడుగుండ్రి. ఏం చెడ్డదో అడుగుండ్రి. మార్చిన పాత సామాను చూపియ్యమనుండ్రి. మోసం అనిపిస్తే 2019 వినియోగదారుల చట్టం కింద, మీరుండే జిల్లా కమిషన్లనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. షెడ్డుల మాత్రం బేరమాడకుండ్రి.

మొన్న ఎండకాలం సెలవులల్ల అన్నతోని కూసొని ఒక రేకు మీద నల్లరంగు వేసి, తెల్లరంగుతోని పనుల పేర్లు, వాటెదురుంగ కూలి రాసిన. బ్రేకులు, క్లచ్చు, ఆల్టర్నేటర్, ఆయిల్ మార్చుడు. ‘‘ఎవలన్న ఏమనుకుంటరో తమ్మీ’’ అని అన్న మొదలు జంకిండు. రాసినంక దూరం జరిగి రెండుసార్లు చదువుకున్నడు. బ్రేకుల కాడ ఏడునూర్లని ఉంటే, ‘‘ఎనిమిది చెయ్యి’’ అన్నడు. తుడిచి ఎనిమిది రాసిన.

మా ఖాందాన్ల చేతిపనికి రాసిపెట్టిన మొదటి రేటు అదే.