గుంజకు కట్టిన బాల్యం

పశువును కట్టేయటం మాకు ఎవరూ నేర్పనక్కర లేని విద్య. వీర్నపల్లిలో ఎడ్లను గుంజకు కట్టని రైతు ఇల్లు ఒకప్పుడు అరుదు. కాని మనిషి బిడ్డను కట్టేస్తే, ఆ ముడి ఎవరిని కాపాడుతున్నట్లు? బిడ్డనా, కట్టినవారినా? ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్ళుగా వదలటం లేదు.

మా వాడకట్టులో ఒక పిల్లవాడున్నాడు. మాట రాదు, బుద్ధి వయసుతో పాటు ఎదగలేదు. నాట్ల కాలం వస్తే తల్లి పాత చీరెతో వాణ్ణి పందిరి గుంజకు కట్టి, పక్కన చెంబెడు నీళ్ళు పెట్టి కూలికి పోయేది. అడిగితే, “ఏం జెయ్యాలె బిడ్డా? ఇడిసిపెడ్తె బాయిల వడ్తడు. నేను పనికి పోకుంటె పొయ్యి ఎలగది” అన్నది. ఆమెను క్రూరురాలని అనటానికి నాకు నోరు రాలేదు. ఇప్పటికీ రాదు.

తర్వాత వాణ్ణి దూరాన ఒక పట్నంలోని ప్రత్యేక పాఠశాలలో చేర్పించారు. అక్షరాలు రాకున్నా చేతులకు విడుదల దొరుకుతుందని అందరం ఆశపడ్డాం. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు మణికట్ల మీద నల్లని చారలున్నాయి. తలుపు మూస్తే గజగజ వణికేవాడు. అడగబోయిన తండ్రికి దొరికిన జవాబు ఇది: “ఇంతమంది పిల్లలకు ఇద్దరమే ఉన్నాం. కొరుకుతాడు, ఉరుకుతాడు. గదిలో వేయక ఏం చేయమంటారు?”

తల్లి మాటకూ ఈ మాటకూ పైకి తేడా లేదు. రెండు చోట్లా తక్కువైనవి చేతులే. అయితే తల్లికి జీతం లేదు, శిక్షణ లేదు. బడి అంటే ఆ రెండూ ఉండవలసిన చోటు కదా!

మా నాయన ఎద్దు తన్నితే వెంటనే కర్ర ఎత్తడు. మెడ మీద కాడి పుండు పడిందా, గిట్టలో ముల్లు దిగిందా అని వంగి చూస్తాడు. మూగజీవికి తన్నటమే మాట అని ఆయనకు ఏ కళాశాలా చెప్పలేదు. నోరు లేని బిడ్డ తల గోడకు కొట్టుకుంటే అదీ ఒక మాటే. కారణం చూడకుండా చేతులు కడితే నొప్పి నొప్పిగానే ఉంటుంది. చెప్పుకునే దారి మాత్రం మూసుకుపోతుంది. ఆ బడి మానిపించాక వాణ్ణి భవిత కేంద్రానికి తీసుకుపోతున్నారు. వాడు ఎప్పుడూ ఒక్క వైపే తల కొట్టుకుంటున్నాడని అక్కడి టీచరమ్మ గమనించింది. డాక్టరు చూస్తే ఆ చెవిలో చీము! మందు వేశాక కొట్టుకోవటం చాలావరకు తగ్గింది. కొరకటం ఇంకా ఉన్నది. అద్భుతమేమీ జరగలేదు, ఒకరు వంగి చూశారు, అంతే.

బంధనం ప్రాణం మీదికి కూడా తెస్తుంది. బోర్లా పడవేసి వీపు మీద బరువు మోపితే రొమ్ము, పొట్ట కదలక ఊపిరి ఆడదని జీవశాస్త్రం చదివే మనకు తెలియనిది కాదు. అమెరికాలో 2009లో ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం బడులలో బంధించటం, ఒంటరి గదిలో వేయటం మూలంగా జరిగిన హింస, మరణాల గూర్చి వందలాది ఆరోపణలు బయటపెట్టింది. దాదాపు అన్నీ వికలాంగ బాలలకు సంబంధించినవే. మన పొరుగున తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున మానసిక రోగుల ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టివున్న 28 మంది పారిపోలేక బలయ్యారు.

మరి చట్టాలు లేవా? ఉన్నాయి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అమానుష ప్రవర్తన నుండి రక్షణ ఇవ్వాలన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను, ఒంటరి నిర్బంధాన్ని కాదని, ఇంకొక మాట కూడా చెప్పింది: సిబ్బంది తక్కువ ఉన్నారన్న సాకుతో రోగిని కట్టరాదు. ఎంత గొప్ప వాక్యం! కాని ఆ చట్టం మానసిక వైద్య సంస్థల కోసం చేసినది. బుద్ధిమాంద్యం ఒక్కటే ఉంటే దాని నిర్వచనంలోకి రాదు. ఆస్పత్రిలోని రోగికి దక్కిన ఆ వాక్యం బడిలోని బిడ్డకు దక్కలేదు.

బావి వైపు ఉరికే బిడ్డను పట్టుకోవద్దని ఎవరూ అనరు. పట్టుకోవాలి, ఆపద తప్పగానే వదలాలి. ఎప్పుడు, ఎందుకు, ఎంతసేపు పట్టుకున్నారో పుస్తకంలో రాసి, ఆనాడే తల్లిదండ్రులకు చెప్పాలి. పిల్లలకు తగినంతమంది ఆయాలు, టీచర్లు ఉండాలి. నాట్ల కాలంలో ఇటువంటి బిడ్డలను పగటిపూట చూసుకునే చోటు ఊళ్ళోనే ఉంటే ఏ తల్లీ చీరె ముడి వేయదు.

మిత్రులారా, మనలో పలువురు రేపు బి.ఇడి. చదివి పంతుళ్ళవుతారు. మరికొందరు ఇటువంటి బిడ్డకు అన్నలో, అక్కలో, తల్లిదండ్రులో అవుతారు. ఏ ప్రత్యేక పాఠశాల గడప తొక్కినా ఫీజు ఎంతని అడిగే ముందు ఒక్క మాట అడగండి: “మీ దగ్గర బయటి నుండి గొళ్ళెం పెట్టే గది ఉన్నదా?” జవాబు చెప్పేవారి ముఖం చూడండి. ఆ తర్వాత ఆ గది తలుపు తీయమనండి.